కాస్త మెల్లగా

మాలిష్ చేసే చేతికి కొన్ని సంగతులు తెలుస్తాయి, కొన్ని ఎప్పటికీ తెలియవు. భుజం మీద కండ బిగుసుకుపోయిందని బొటనవేలికి తెలుస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉందో చల్లగా ఉందో, నూనె చాలిందో లేదో, వెన్ను పక్కన ఏ చోట ముడిపడినట్టు ఉందో తెలుస్తుంది. ఆ చోట నొక్కినప్పుడు పడుకున్న మనిషికి హాయిగా ఉందా, ప్రాణం పోతున్నట్టుందా అన్నది మాత్రం ఆ వేలికి తెలిసే దారి లేదు. ఆ సగం సంగతి చేయించుకునే మనిషి దగ్గరే ఉంటుంది. నోరు విప్పి చెబితేనే అది రెండో మనిషికి చేరుతుంది. ఇంత చిన్న విషయం ఆచరణలో ఎందుకు ఇంత కష్టమవుతుంది, ఎలా చెబితే పని జరుగుతుంది, మాలిష్ బల్ల దిగాక రోజువారీ బతుకులో అదే అలవాటు ఎక్కడెక్కడ పనికొస్తుంది అన్నది ఈ ప్రసంగంలోని విషయం.

నొప్పి అనేది కండలో దాగి ఉండి వేలికి తగిలే వస్తువు కాదు. చర్మంలోనూ కండరాల్లోనూ ఉన్న నాడుల కొసలు పంపే కబుర్లను వెన్నుపామూ మెదడూ తూచి చూసుకున్నాక కలిగే అనుభవం అది. అందుకే ఒకే ఒత్తిడి ఒకరికి గిలిగింత, మరొకరికి చిత్రహింస. ఒకే మనిషికి కూడా రెండు రోజులు ఒకలా ఉండదు. నిద్ర చాలనప్పుడు, దిగులుగా ఉన్నప్పుడు, జ్వరం తగిలి లేచినప్పుడు నొప్పి తొందరగా తెలుస్తుంది. మార్గో మెకాఫ్రీ అనే అమెరికా నర్సు 1968లోనే ఈ సంగతిని వైద్యులకు సూటిగా చెప్పింది. అనుభవించే మనిషి ఎంత ఉందంటే అంత, ఎప్పుడుందంటే అప్పుడు నొప్పి ఉన్నట్టేనని ఆమె నిర్వచనం. ఆస్పత్రుల్లో ఈనాడు రోగిని 'సున్నా నుంచి పది దాకా ఎంత వేసుకుంటావు' అని అడగడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. నొప్పిని కొలిచే యంత్రం వైద్యుడి దగ్గర కూడా లేనప్పుడు మాలిష్ చేసేవాడి దగ్గర ఉంటుందని ఆశించడం అన్యాయం.

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో ఈ విషయం రోజూ కనిపిస్తుంది. ఒకపక్క ఐఐటీ, మరోపక్క జేఎన్‌యూ, మధ్యలో షహీద్ జీత్ సింగ్ మార్గ్, ఆ రోడ్డు పొడుగునా కేంద్రీయ విద్యాలయ సంఘటన్ ప్రధాన కార్యాలయం లాంటి సంస్థలు. లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విశ్వవిద్యాలయం కూడా అక్కడిదే. ఈ పెద్ద పెద్ద ప్రాంగణాల నడుమ ఇరుకు సందులతో, ఒకదానికొకటి ఆనుకున్న నాలుగైదు అంతస్తుల ఇళ్ళతో ఉన్న పాత ఊరు కటవారియా సరాయ్. గేట్‌కీ, ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షలకీ చదివే కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి ఇక్కడా, పక్కనున్న బేర్ సరాయ్, జియా సరాయ్‌లలోనూ గదులు తీసుకుని ఉంటూ వచ్చారు. వాళ్ళలో గుంటూరు నుంచీ, వరంగల్ నుంచీ, శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్ళూ ఉన్నారు. పలుచని పరుపు, ఎత్తు చాలని బల్ల, దాని మీద వంగి పది పన్నెండు గంటల చదువు. ఆ ఒంట్లో మొదట తిరగబడేది మెడ.

అలా మెడ పట్టేసిన కుర్రాడు క్షవరానికి సెలూన్‌కు వెళ్తాడు. కత్తెర పని అయ్యాక దుకాణదారు తువ్వాలు దులిపి 'మాలిష్ కర్ దూఁ?' అంటాడు. కుర్రాడు తల ఊపుతాడు. ఎంత తీసుకుంటాడో అడగడు, ఎంతసేపు చేస్తాడో అడగడు. నడినెత్తిన చల్లని ఆవనూనె పడుతుంది. ఇంట్లో కొబ్బరి నూనెకీ నువ్వుల నూనెకీ అలవాటుపడ్డ ముక్కుకు ఆ ఘాటు కొత్త. రెండు అరచేతులూ జోడించి తల మీద దబదబా కొట్టడం, కణతలు నులమడం, బొటనవేళ్ళతో మెడ వెనక గుంటలో పొడవడం వరసగా సాగిపోతాయి. కుర్రాడి కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుంటాయి, ఊపిరి బిగబడుతుంది, ఎదురుగా అద్దంలో మొహం మాత్రం మామూలుగానే ఉంటుంది. ఆఖరికి ఒక చేయి గడ్డం కిందికీ, ఒక చేయి తల వెనక్కీ చేరతాయి. ఏం జరగబోతోందో కుర్రాడికి తెలుసు. వద్దనాలనీ ఉంది. 'టక్'మని మెడ తిరిగిపోతుంది. డబ్బులిచ్చి, బాగుందని చెప్పి, మెడ తడుముకుంటూ బయటికి వస్తాడు.

ఈ మౌనం ఆ కుర్చీలో పుట్టింది కాదు. తెలుగింట్లో పిల్లలకు తలంటు అంటే భోగినాడో దీపావళినాడో తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి, నూనె అంటి, సున్నిపిండితో ఒళ్ళంతా రుద్ది, కుంకుడు పులుసుతో తల రుద్దడం. కళ్ళు మండుతున్నాయని ఏడిస్తే 'కళ్ళు గట్టిగా మూసుకో, అయిపోయింది' అంటారు. చర్మం ఎర్రబడిందంటే 'మట్టి పోవద్దూ' అంటారు. ఆ చేతుల్లో ప్రేమ ఉంది, అందులో సందేహం లేదు. అయినా పిల్లవాడికి దానితోపాటు మరొకటి కూడా అలవాటవుతుంది: పెద్దవాళ్ళు ఒంటి మీద చేయి వేసినప్పుడు నోరు మూసుకు కూర్చోవడమే బుద్ధిమంతుడి లక్షణమని. విచిత్రమేమిటంటే అంతకన్నా చిన్నప్పుడు ఆ పిల్లవాడి మాట చెల్లింది. కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద పసిబిడ్డను బోర్లా వేసుకుని నూనె రాసే అమ్మమ్మ, బిడ్డ ఏడుపు ఏ రకందో విని చేయి తేలిక చేస్తుంది. ఆకలి ఏడుపు వేరు, నొప్పి ఏడుపు వేరని ఆమెకు తెలుసు. పెద్దయిన మనిషి ఆ ఏడుపునీ మింగేస్తాడు, దాని బదులు మాటనూ వాడడు. అందుకే ఎంత నేర్పున్న చేతికైనా పెద్దవాళ్ళ కన్నా పసిబిడ్డే సులువు.

మొహమాటానికి తోడు ఇంకా కొన్ని కలుస్తాయి. చేసేవాడికి పని తెలుసు, మధ్యలో చెబితే అతని పనితనాన్ని తప్పుపట్టినట్టవుతుందని ఒక భయం. మొదట ఊరుకున్నాం కదా, ఇప్పుడేం అంటామని ఒక బెరుకు. డబ్బు పెడుతున్నాం కాబట్టి గట్టిగా చేస్తేనే గిట్టుబాటు అని ఒక లెక్క. కటవారియా సరాయ్‌లో వీటి మీద భాష ఒకటి. తరగతిలో ఇంగ్లీషు నడుస్తుంది, గదిలో తెలుగు నడుస్తుంది, సెలూన్‌లో హిందీ కావాలి. తప్పు హిందీ మాట్లాడి నవ్వులపాలు కావడం కన్నా మెడ నొప్పే నయమనుకునేవాళ్ళు తక్కువమంది కాదు. నిజానికి అక్కడ కావలసినవి నాలుగైదు మాటలే. 'థోడా ధీరే' అంటే కాస్త మెల్లగా. 'థోడా నీచే' అంటే ఇంకొంచెం కిందికి. 'యహాఁ దర్ద్ హై' అంటే ఇక్కడ నొప్పి. 'బస్' అంటే చాలు. 'గర్దన్ మత్ ఘుమానా' అంటే మెడ తిప్పొద్దు. ముందు 'భయ్యా' అని చేరిస్తే మర్యాద కూడా దక్కినట్టే.

ఆ చివరి మాట మిగతావాటి కన్నా ముఖ్యం. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడ వెన్నుపూసల పక్కనున్న సన్నని రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. తలను విసురుగా తిప్పినా, చాలాసేపు వెనక్కి వంచి ఉంచినా ఆ ధమని లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది. చిరిగిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడులోకి చేరితే పక్షవాతం వస్తుంది. మైకేల్ వైంట్రాబ్ అనే అమెరికా నాడీవైద్యుడు 1993లో ఐదుగురు స్త్రీల సంగతి ప్రచురించాడు. బ్యూటీపార్లర్‌లో బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకున్నాక వాళ్ళకు పక్షవాతం లక్షణాలు వచ్చాయి. 2022లో హైదరాబాద్ అపోలో ఆస్పత్రి నాడీవైద్యుడు సుధీర్ కుమార్ తన దగ్గరికి వచ్చిన యాభై ఏళ్ళ మహిళ విషయంలో ఇదే జరిగిందని బయటపెట్టాక తెలుగు పత్రికల్లోనూ దాని మీద చర్చ నడిచింది. ఇది అరుదైన ప్రమాదం. కానీ మెడ విరిపించుకోవడం వల్ల ఒరిగేది ఒక 'టక్' అనే చప్పుడూ, కాసేపటి తేలికతనమూ మాత్రమే అయినప్పుడు ఆ అరుదైన ప్రమాదాన్ని తలకెత్తుకోవలసిన పని లేదు. మెడ విరిచాక కళ్ళు తిరిగినా, వస్తువులు రెండుగా కనిపించినా, మాట తడబడినా, ఒకవైపు చేయో కాలో చచ్చుబడినా ఇంటికెళ్ళి పడుకోకూడదు. గడ్డ కరిగించే మందు పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కటవారియా సరాయ్ నుంచి ఎయిమ్స్‌, సఫ్దర్‌జంగ్ ఆస్పత్రులు దగ్గరే.

చెప్పవలసినవాటిలో సగం మాలిష్ మొదలుకాక ముందే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళు, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పకపోతే చేసేవాళ్ళకు తెలియదు. వీళ్ళలో మధుమేహం ఉన్నవాళ్ళది ప్రత్యేకమైన చిక్కు. పాదానికి నొప్పే తెలియకపోతే మధ్యలో చెప్పడానికీ ఏమీ ఉండదు, కాబట్టి వాళ్ళకు ముందు చెప్పే మాట ఒక్కటే రక్ష. జ్వరం ఉన్నప్పుడు, ఒంటి మీద పుండ్లున్నప్పుడు మాలిష్ మానుకోవడమే మంచిది. ఇది ఈ కాలపు జాగ్రత్త మాత్రమే కాదు. రోజూ అభ్యంగనం చేసుకోమని చెప్పిన వాగ్భటుడి అష్టాంగహృదయమే, కఫం పెరిగినవాళ్ళకూ అజీర్ణంతో ఉన్నవాళ్ళకూ శోధన చికిత్స అప్పుడే అయినవాళ్ళకూ అది పనికిరాదని అదే అధ్యాయంలో చెప్పింది. అంటే ముందు ఒంటి స్థితి కనుక్కోవాలన్నది పాత నియమమే. ఆరోగ్యం సంగతి అయ్యాక మిగతావి: ఏ చోట చేయాలి, ఏ చోట చేయి వేయకూడదు, ఏ నూనె, ఎంతసేపు, ఎంత డబ్బు, చేసేది ఆడవాళ్ళా మగవాళ్ళా, ఏ బట్టలు ఒంటి మీద ఉండాలి. ఇవన్నీ అడగడానికి రెండు నిమిషాలు చాలు. అడిగినందుకు చిరాకుపడే చోటు మాలిష్‌కు తగిన చోటు కాదని ఆ రెండు నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

మధ్యలో చెప్పేటప్పుడు మాట చిన్నదిగా, వెంటనే పని చేయగలిగేదిగా ఉండాలి. 'అబ్బా' అంటే హాయితో అన్నాడో బాధతో అన్నాడో చేసేవాడికి అర్థం కాదు. 'కుడి భుజం మీద ఎక్కువైంది, సగం ఒత్తిడి చాలు' అంటే చేయి అప్పటికప్పుడు మారుతుంది. వద్దన్నది చెప్పడంతోపాటు కావలసింది కూడా చెబితే పని ఇంకా బాగా జరుగుతుంది. ఒత్తిడికి నొప్పి అంకెలే వాడుకోవచ్చు: నాలుగైదు దగ్గర ఉంచమంటే ఇద్దరికీ ఒక కొలత దొరికినట్టు. నొప్పిలోనూ రెండు రకాలున్నాయి. నొక్కినప్పుడు లాగినట్టుండి, ఊపిరి వదిలేకొద్దీ కరిగిపోయే నొప్పి సాధారణంగా బిగుసుకున్న కండదే. పొడిచినట్టున్నా, కరెంటు తగిలినట్టు చేతిలోకో కాలిలోకో పాకినా, తిమ్మిరెక్కినా అది నాడి మీదో కీలు మీదో ఒత్తిడి పడిందన్న గుర్తు. అప్పుడు 'మెల్లగా' అన్న మాట చాలదు, 'ఆపు' అనాలి. ఎంత నొప్పి పెడితే అంత గుణమన్న నమ్మకం మాలిష్ విషయంలో చాలా గట్టిగా పాతుకుపోయింది, అది తప్పు. నొప్పికి శరీరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న కండ వదలదు, వదలని కండ మీద ఇంకా బలం పెడతారు. మర్నాటికి ఒళ్ళు కమిలిపోవడం తప్ప వేరే ఫలితం ఉండదు. ఊపిరి బిగబట్టడం, పిడికిలి ముడుచుకోవడం, పళ్ళు కరవడం మొదలయ్యాయంటే మాట బయటికి రావలసిన సమయం అప్పటికే వచ్చినట్టు.

ఒత్తిడి ఎక్కువ కావడం వేరు, చేయి హద్దు దాటడం వేరు. ఈ రెండోదానికి మర్యాదైన మాట వెతుక్కోనక్కర లేదు. లేచిపోవచ్చు, కేకపెట్టొచ్చు, డబ్బు ఇవ్వకుండా వెళ్ళొచ్చు. భయంలో గొంతు పెగలక, ఒళ్ళు కొయ్యబారిపోవడం చాలామందికి జరుగుతుంది. ఆ మౌనం ఒప్పుకోలు కాదు, దానికి సిగ్గుపడవలసింది బాధపడ్డవాళ్ళు కాదు. స్త్రీల విషయంలో ఇలాంటి చర్యలు భారతీయ న్యాయ సంహిత 74, 75 సెక్షన్ల కింద నేరాలు. ఫిర్యాదుకు 112, మహిళల సహాయానికి 181 నంబర్లు ఉన్నాయి. ఒంటి మీద అధికారం ఎవరిదన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఒక ఢిల్లీ కేసులోనే చాలా స్పష్టంగా జవాబిచ్చింది. 1995లో నలభై నాలుగేళ్ళ అవివాహిత ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి, లోపల పరీక్ష చేసి చూడటానికి మాత్రం సంతకం పెట్టింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరమేమీ లేనప్పుడు, తెలివొచ్చాక ఆమెనే అడగగలిగినప్పుడు, తల్లి సమ్మతి ఆమె సమ్మతి కాదని కోర్టు తేల్చింది. ఆపరేషన్ ఫీజు దక్కదని చెప్పి, పాతిక వేల రూపాయల పరిహారం ఇమ్మంది. పరిహారం చిన్నదే. కానీ ఒకదానికి ఇచ్చిన ఒప్పుదల మరొకదానికి చెల్లదన్న సూత్రం ఆపరేషన్ బల్లకు ఎంత వర్తిస్తుందో మాలిష్ బల్లకూ అంతే వర్తించాలి. మెడకు సరే అన్న మనిషి నడుముకు సరే అన్నట్టు కాదు.

బల్లకు ఇవతల నిలబడ్డవాళ్ళకూ అవసరాలున్నాయి. రోజంతా నిలబడి నొక్కే మనిషికి బొటనవేలి కీలు, మణికట్టు, నడుము అరిగిపోతాయి. 'ఇంకా గట్టిగా' అని పదేపదే అడిగే గిరాకీకి 'ఇంతకన్నా బలం పెడితే నా చేతికీ మంచిది కాదు, మీ ఒంటికీ మంచిది కాదు' అని చెప్పే హక్కు అతనికి ఉండాలి. ఈ పనిలో ఉన్న స్త్రీలకు గిరాకీల వెకిలి మాటలూ వెకిలి కోరికలూ రోజువారీ బాధ. పనిచోట లైంగిక వేధింపుల మీద ఇచ్చిన 1997 విశాఖ తీర్పు తర్వాత వచ్చిన 2013 నాటి చట్టం, పనిచేసే చోటికి వచ్చిపోయే బయటివాళ్ళ నుంచి కూడా మహిళా ఉద్యోగులకు రక్షణ కల్పించే బాధ్యతను యజమాని మీద పెట్టింది. 19వ సెక్షన్ చెప్పేది అదే. గిరాకీ దేవుడన్న మాట ఆ బాధ్యతను తుడిచేయదు.

అవసరం చెప్పడాన్ని ఒక విద్యలా నేర్పవచ్చన్న ఆలోచన పాశ్చాత్య మనస్తత్వశాస్త్రంలో ఇరవయ్యో శతాబ్దం నడుమ రూపుదిద్దుకుంది. 1949లో ఆండ్రూ సాల్టర్, 1958లో జోసెఫ్ వోల్పీ, బెరుకుతో నోరు పెగలనివాళ్ళ చేత కావలసింది పైకి చెప్పించే సాధన చేయించవచ్చని రాశారు. 1970లో రాబర్ట్ ఆల్బెర్టీ, మైకేల్ ఎమన్స్ రాసిన పుస్తకం దాన్ని మామూలు జనంలోకి తెచ్చింది. ఎదుటివాడి మీద పడిపోవడం, తనలో తాను కుమిలిపోవడం అనే రెండింటికీ నడుమ మూడో దారి ఒకటుందని వాళ్ళు చెప్పిందాని సారం. ఆ దారికి తెలుగువాళ్ళు అమెరికా దాకా పోనక్కర లేదు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చాకే లోపలికి పోనిచ్చింది. కోపపడలేదు, బెదరలేదు, ఎదుట ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి నియమం మార్చలేదు. ఆ దుర్గాబాయే తర్వాత ఢిల్లీలో 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి ఢిల్లీ తెలుగు పిల్లలకు బడి పెట్టించింది. పింక్ లైన్ మెట్రోలో సౌత్ క్యాంపస్ స్టేషన్‌కు ఉన్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే. మొహమాటం తెలుగు రక్తంలో ఉందనేవాళ్ళకు ఆ పద్నాలుగేళ్ళ పిల్ల సమాధానం చాలు.

కటవారియా సరాయ్ గదుల్లో ఇలాంటి మాట అవసరమయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. మొదటిది కరెంటు బిల్లు. ఇంటికి ఒకటే మీటరు, గదికో సబ్ మీటరు, యూనిట్‌కు ఇంటాయన చెప్పిందే రేటు. ప్రభుత్వం ఇచ్చే రాయితీ అద్దెకున్నవాళ్ళకు చేరేది కాదు. దీనికోసమే 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం అద్దెదారులు ప్రత్యేకంగా ప్రీపెయిడ్ మీటరు పెట్టించుకునే పథకం ప్రకటించింది. అద్దె ఒప్పందమో అద్దె రసీదో ఉంటే చాలు, ఇంటాయన అనుమతి పత్రం అక్కర లేదని చెప్పింది. కానీ చాలామంది దగ్గర రసీదే ఉండదు, ఎందుకంటే మొదటి నెల అడగలేదు. మొదటి నెల అడగనిది ఆరో నెల అడిగితే తగాదా అనుకుంటారు. అందుకని గదిలో సామాను దించిన రోజే, మామూలు గొంతుతో, 'అంకుల్‌జీ, కిరాయే కీ రసీద్ హర్ మహీనే చాహియే' (అద్దె రసీదు ప్రతి నెలా కావాలి) అనేయడం మేలు. మర్యాద ఆ 'జీ'లో ఉంది, విషయం మిగతా వాక్యంలో ఉంది. రెండూ ఒకే మాటలో ఇముడుతాయి.

రెండోది గదిలో తోటివాడు. రాత్రి రెండింటిదాకా లైటు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా ఫోనులో వీడియోలు, సింకులో మూడు రోజుల గిన్నెలు. చెప్పకుండా నెలంతా ఓర్చుకుని, పరీక్ష వారంలో ఒక్కసారిగా విరుచుకుపడటం ఇక్కడ తరచు జరిగే కథ. అంతకన్నా మొదటి వారంలోనే 'అన్నా, పన్నెండు దాటాక లైటు ఉంటే నాకు నిద్ర పట్టట్లేదు. రేపటి నుంచి టేబుల్ ల్యాంప్ పెట్టుకుంటావా?' అంటే సరిపోతుంది. అందులో జరుగుతున్నదేమిటో ఉంది, దానివల్ల ఇబ్బందేమిటో ఉంది, కావలసిందేమిటో ఉంది. నువ్వెప్పుడూ ఇంతే అన్న మాట లేదు. వరస కలిపి పిలవడం మాటను బలహీనం చేస్తుందనుకోవడం పొరపాటు. పాశ్చాత్య పుస్తకాలు 'నేను' అన్న మాటతో మొదలుపెట్టమంటాయి, తెలుగు మాట 'అన్నా' అన్న పిలుపుతో మొదలైతేనే అవతలివాడి చెవికి ఎక్కుతుంది. పిలుపు తర్వాత అసలు విషయం మింగేయకుండా ఉంటే చాలు. 'అడగందే అమ్మైనా పెట్టదు' అన్న సామెత పుట్టింది కూడా ఈ భాషలోనే. తరగతిలో అర్థం కానిది అడగడం, మెస్సులో రొట్టెల బదులు అన్నం కావాలనడం, ఆటోవాణ్ణి మీటరు వేయమనడం ఇదే కోవలోవి. ఇలాంటి చిన్న చోట్ల నోరు అలవాటుపడితే పెద్ద చోట పెగులుతుంది.

అయితే చెప్పడంతో అన్నీ జరిగిపోతాయనుకోవడం ప్రమాదకరమైన అమాయకత్వం. 2024 జులై 27 సాయంత్రం ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నేలమాళిగలోకి వాననీళ్ళు పోటెత్తి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. ఆ నేలమాళిగను నిబంధనలకు విరుద్ధంగా లైబ్రరీగా వాడుతున్నారని ఒక విద్యార్థి అంతకు నెల ముందే నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేసి ఉన్నాడు. మాట సరిగానే వెళ్ళింది, వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది. వినవలసినవాళ్ళు వినలేదు. నోరు విప్పమని పిల్లలకు నేర్పే ప్రతి చోటా ఈ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే జరిగిన అన్యాయం చెప్పలేకపోయినవాళ్ళ నేరంలా మిగిలిపోతుంది. ఒకచోట వినకపోతే రాతలో పెట్టడం, తేదీతో ప్రతి ఉంచుకోవడం, పదిమందిని కలుపుకుని పై అధికారికి మళ్ళీ పంపడం తర్వాతి మెట్లు.

అన్నిటికన్నా కష్టమైనది ఇంటికి చెప్పడం. అప్పుచేసి పంపిన నాన్నకు 'ఇక్కడ బాగాలేదు' అనడానికి నోరు రాదు. ఒంటి నొప్పి మొహమాటం కన్నా మనసు నొప్పి మొహమాటం లోతైనది. ఇంటివాళ్ళతో అనలేనిది ముందు బయటివాళ్ళతో అనడం తప్పు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చెప్పేవాడి పని సగమైతే అడిగేవాడి పని మిగతా సగం. మంచి మాలిష్ నిపుణులు 'బాగుందా?' అని అడగరు. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ 'బాగుంది' అనే. 'ఇక్కడ ఒత్తిడి తగ్గించనా, పెంచనా, ఇలాగే ఉంచనా?' అని అడుగుతారు, కొత్త చోటికి చేయి జరిపినప్పుడల్లా మళ్ళీ అడుగుతారు. జవాబు చెప్పడానికి మనిషికి మూడు దారులు చూపించి, ఏది ఎంచుకున్నా పరవాలేదని ఆ ప్రశ్నలోనే చెబుతారు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకూ ఈ పద్ధతే పనికొస్తుంది. రాత్రి ఫోనులో 'తిన్నావా, బాగున్నావా' అంటే ఢిల్లీ నుంచి వచ్చే జవాబు 'తిన్నా, బాగున్నా' అనే రెండు మాటలే. 'ఇవాళ ఏం తిన్నావు, ఎన్నింటికి తిన్నావు, రాత్రి ఎంతసేపు నిద్రపట్టింది, మెడ నొప్పి ఏ వైపు?' అని అడిగితే జవాబు చెప్పడానికి కాసేపు పడుతుంది, ఆ జవాబులో నిజం ఉంటుంది.